డెవ్‌టూల్స్ తెరిస్తే తెగని వెబ్‌సాకెట్

సందేహం: క్రోమ్ ఎక్స్‌టెన్షన్ ఒకటి తయారు చేస్తున్నాను. వెబ్‌సాకెట్ కనెక్షన్ (బ్రౌజర్, సర్వర్ రెండూ ఎప్పుడైనా మెసేజ్‌లు పంపుకునేలా తెరిచి ఉండే లింకు) మామూలు పేజీలో బాగానే నిలుస్తోంది. అదే కోడ్‌ను బ్యాక్‌గ్రౌండ్ సర్వీస్ వర్కర్‌లో (పేజీతో సంబంధం లేకుండా వెనక నడిచే ఎక్స్‌టెన్షన్ స్క్రిప్ట్‌లో) పెడితే కాసేపటికే తెగిపోతోంది. కారణం చూద్దామని డెవ్‌టూల్స్ (క్రోమ్‌లో తప్పులు వెతికే విండో) తెరిస్తే మాత్రం తెగడం లేదు. దీన్ని ఎలా పరీక్షించాలి?

జవాబు: మానిఫెస్ట్ (ఎక్స్‌టెన్షన్ వివరాల ఫైల్) వి3 ఫార్మాట్‌లో ఉన్న ఎక్స్‌టెన్షన్లలో సర్వీస్ వర్కర్ 30 సెకన్లపాటు పనేమీ లేకుండా ఉంటే క్రోమ్ దాన్ని ఆపేస్తుంది, దాంతోపాటే కనెక్షనూ పోతుంది. అయితే ఆ వర్కర్‌కు డెవ్‌టూల్స్ విండో తెరిచి ఉన్నంతసేపు దాన్ని ఆపదు కాబట్టి, మీరు తప్పు వెతకడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ తప్పు కనిపించకుండా పోతోంది. అందుకే ఈ పరీక్షను బ్రౌజర్ వైపు నుంచి కాక సర్వర్ వైపు నుంచి చేయాలి. కనెక్షన్ మొదలైన సమయం, చివరి మెసేజ్ వచ్చిన సమయం, తెగిన సమయం సర్వర్ లాగ్‌లో రాయించి, డెవ్‌టూల్స్ పూర్తిగా మూసేసి, ఎక్స్‌టెన్షన్‌ను తాకకుండా కొన్ని నిమిషాలు వదిలేయండి. చివరి మెసేజ్ తర్వాత దాదాపు అరనిమిషానికి తెగితే కారణం ఇదేనని నమ్మవచ్చు.

పరిష్కారం కష్టమేమీ కాదు. క్రోమ్ 116 నుంచి వెబ్‌సాకెట్‌లో మెసేజ్ పంపినా, అందుకున్నా ఆ 30 సెకన్ల లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి ప్రతి 20 సెకన్లకు ఒక చిన్న మెసేజ్ పంపుతూ, మానిఫెస్ట్‌లో కనీస క్రోమ్ వెర్షన్‌గా 116 అని రాయండి.

పేజీలో బాగానే ఉందన్నారు గానీ, ఆ ట్యాబ్‌ను వెనక్కి నెట్టి చూశారా? ట్యాబ్ ఐదు నిమిషాలకు మించి కనిపించకుండా ఉంటే క్రోమ్ దాని టైమర్లను నిమిషానికి ఒకసారికే పరిమితం చేయవచ్చు, అప్పుడు 20 సెకన్ల మెసేజ్ కాస్తా 60 సెకన్లదవుతుంది. మధ్యలో ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య నిలబడి డేటా అటూ ఇటూ అందించే ప్రోగ్రామ్) ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే వెనకున్న సర్వర్ నుంచి 60 సెకన్లపాటు డేటా రాకపోతే అది డిఫాల్ట్‌గా కనెక్షన్‌ను మూసేస్తుంది. ప్రాక్సీ విషయంలో సర్వర్ నుంచే పింగ్ ఫ్రేమ్‌లు (‘ఉన్నావా’ అని అడిగే చిన్న సంకేతాలు) పంపించడం మేలు, జావాస్క్రిప్ట్ ప్రమేయం లేకుండా బ్రౌజరే వాటికి పాంగ్‌తో బదులిస్తుంది.

పేజీ కనెక్షన్‌ను నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూసేటప్పుడు స్టేటస్ 101 (సర్వర్ వెబ్‌సాకెట్‌కు మారడానికి ఒప్పుకుందనే కోడ్) వచ్చిందో లేదో ముందు గమనించండి. రాకపోతే హ్యాండ్‌షేక్ (కనెక్షన్ కుదుర్చుకునే మొదటి దశ) దగ్గరే ఆగిందన్నమాట, టైమర్లను తప్పుపట్టి లాభం లేదు. 101 వచ్చాక తెగితే క్లోజ్ ఈవెంట్‌లోని కోడ్ చూడండి: 1000 అయితే సక్రమంగా మూశారని, 1006 అయితే క్లోజ్ ఫ్రేమ్ (మూస్తున్నానని చెప్పే సంకేతం) రాకుండానే తెగిందని అర్థం.