కంట్లో ఇంజెక్షనా, లేజరా?

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లె. వయసు 44. చిన్నప్పట్నుంచీ సైటు, ఇప్పుడు రెండు కళ్లకీ మైనస్ 12. లేసు అల్లుతాను. ఈమధ్య కుడికంటితో చూస్తే తిన్నని దారం నడిమధ్యలో వంకర పోతోంది. స్కాన్ తీసి, కంట్లోకే ఇంజెక్షన్ వేయాలన్నారు. మా ఆడపడుచేమో లేజర్ చేయించుకుంటే అద్దాలు కూడా పోతాయంటోంది. సంక్రాంతి ఆర్డర్లయ్యాక చూసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పండగ సంగతి తేల్చేద్దాం తల్లీ. ఆగొద్దు. ఆర్డర్లు ఎవరికైనా అప్పజెప్పి ఈ వారమే వెళ్లండి.

మీ ఆడపడుచు చెప్పే లేజర్ కంటి ముందుభాగం మీద చేసేది. మీ జబ్బు వెనకాల ఉంది. కంటిగుడ్డు ముందు నుంచి వెనక్కి మామూలుగా 24 మిల్లీమీటర్లు ఉంటుంది. మీ అంత పవరుంటే 26 దాటేస్తుంది. గుడ్డు సాగితే లోపలి పొరలు పల్చబడి బీటలిస్తాయి. బీటలిచ్చిన కాలవగట్టులోంచి నీరు ఊరినట్టు, అక్కడ పుట్టిన పిచ్చి రక్తనాళాలు చూపుకి కీలకమైన మాక్యులా (కంటి వెనక తెర అయిన రెటీనా నడిమధ్య భాగం) కింద చెమ్మా నెత్తురూ కారుస్తాయి. దారం వంకర అందుకే.

వెనకటికి ఈ నాళాల్ని వేడి లేజర్‌తో కాల్చేవాళ్లం. వాటితోపాటు పైనున్న రెటీనా కూడా మాడేది. ఆ మచ్చ ఏళ్ల తరబడి పెరిగేది కూడా. తర్వాత చేతి నరానికి వెర్టిపోర్ఫిన్ అనే, వెలుతురుకి చురుకయ్యే మందు ఎక్కించి చల్లని లేజర్ వేసే పద్ధతి వచ్చింది. ఐదు రోజులు ఎండ తగలకూడదనేవాళ్లం. కోతల రోజుల్లో ఆ మాటంటే మన రైతులు నవ్వి లేచిపోయేవారు! అంతా చేసినా చూపు నిలబడేదే గానీ పెద్దగా పెరిగేది కాదు.

277 మంది మీద చేసి 2014లో ప్రచురించిన రేడియన్స్ పరిశోధన ఈ చల్లని లేజర్‌నీ, కంట్లో వేసే ఇంజెక్షన్‌నీ పోల్చింది. మూడు నెలలకి, పిచ్చినాళాల్ని ఎండగట్టే రానిబిజుమాబ్ ఇంజెక్షన్ వేసినవాళ్లు చార్టు మీద సగటున పది అక్షరాలు, అంటే రెండు వరసలు, ఎక్కువ చదివారు. చల్లని లేజర్ వాళ్లు రెండక్షరాలే. జబ్బు ఇంకా చురుగ్గా ఉందో లేదో చూసి సూది వేసిన గుంపులో సగం మందికి ఏడాదికి రెండు సూదులు, లేదా అంతకంటే తక్కువ సరిపోయాయి. అందుకే నా ఓటు ఇంజెక్షన్‌కే.

ఇలాంటిదే మరో మందు అఫ్లిబెర్సెప్ట్ కూడా బాగా పనిచేస్తుంది. చవకైనది బెవాసిజుమాబ్. అది క్యాన్సర్ మందుగా వచ్చింది, అయినా కంటికి ఎప్పట్నుంచో వాడుతున్నాం. చిన్నపాటి పోలికల్లో చూపు విషయంలో పెద్ద తేడా కనబడలేదు. కాకపోతే పెద్ద సీసాలోంచి చిన్న మోతాదులుగా తీస్తారు కాబట్టి ఎంత శుభ్రంగా తీస్తున్నారో మొహమాటపడకుండా అడగండి.

సూది భయం వద్దు. మొద్దుబారే చుక్కలు వేసి, తెల్లగుడ్డులోంచి క్షణాల్లో ఇచ్చేస్తారు. ఇంటికొచ్చాక నొప్పి, ఎరుపు పెరిగి చూపు తగ్గుతుంటే మాత్రం ఇన్ఫెక్షన్ కావచ్చు, తెల్లారేదాకా ఆగకండి. గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉంటే ముందే చెప్పండి. ఇంకోమాట: పిచ్చినాళం ఎండినా, పొరలు పల్చబడడం ఆగదు. తిరిగొచ్చిన చూపు కొన్నేళ్లకి మళ్లీ కొంత తగ్గవచ్చు.

ఎడమకంటినీ గమనించుకోండి. రోజూ ఒక్కో కన్ను మూసి కిటికీ ఊచలకేసి చూడండి. మెరుపులు, కొత్తగా నల్లచుక్కల జల్లు, పక్కనుంచి తెర దిగినట్టుండడం వేరే ప్రమాదం, రెటీనా చిరుగుతోందేమో. చిరుగు దగ్గరే ఆగితే చుట్టూ లేజర్ వేస్తాం, అక్కడ లేజరే మందు. పొర ఊడితే ఆపరేషనే. అలాంటిది కనిపిస్తే ఆ రోజే భీమవరమో రాజమండ్రో, రెటీనా డాక్టరు దొరికేచోటికి బయల్దేరండి.