సీఎస్ఎం ఆపగానే విండోస్ తెరుచుకోకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?

అవసరం లేదండి. విండోస్ 11 కోసం బయోస్‌లో (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) సీఎస్ఎం, అంటే పాత పద్ధతిలోనూ బూట్ కానిచ్చే సెట్టింగు, ఆపాక కంప్యూటర్ మళ్లీ మళ్లీ బయోస్ తెరకే వస్తోందని రాశారు. ఆ ఒక్క సెట్టింగు మార్చినంత మాత్రాన డిస్క్‌లోని ఫైళ్లు పోవు. సీఎస్ఎంను తిరిగి ఎనేబుల్ చేస్తే పాత విండోస్ 10 మామూలుగానే తెరుచుకోవాలి. అప్పుడు సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ మోడ్ ఎదురుగా లెగసీ అని కనిపిస్తే, మీ డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉందని దాదాపు ఖాయం. లెగసీ, అంటే పాత పద్ధతి బూట్, డిస్క్ మొదటి సెక్టారులోని కోడ్‌ను నడుపుతుంది; యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతి మాత్రం ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ ఫైలును వెతుకుతుంది, అది మీ డిస్క్‌లో లేదు. కాబట్టి ముందు అదే డిస్క్‌ను ఎంబీఆర్ నుంచి జీపీటీ అనే కొత్త విభజన పద్ధతికి మార్చి, ఆ తర్వాతే బయోస్ జోలికి వెళ్లాలి.

మా ఇంటి అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లోని డిస్క్‌ను నేను విండోస్‌తో పాటే వచ్చే ఎంబీఆర్2జీపీటీ పనిముట్టుతో మార్చాను. ఇది విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో, నడుస్తున్న విండోస్‌లోంచే పని చేయనిచ్చే అలౌఫుల్‌ఓఎస్ ఆప్షన్ జోడించి, ముందు వ్యాలిడేట్ నడపాలి; అది డిస్క్‌ను పరిశీలిస్తుందే తప్ప ఏమీ మార్చదు. మన దగ్గర ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. షాపులో సీ, డీ, ఈ డ్రైవులుగా విడగొట్టి ఇచ్చిన డిస్క్‌లో చివరివి తరచుగా ఎక్స్‌టెండెడ్ పార్టిషన్‌లో ఉంటాయి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని చుట్టూ ఆకుపచ్చ గీత కనిపిస్తుంది. ఈ పనిముట్టు దాన్ని ఒప్పుకోదు; ప్రైమరీ పార్టిషన్లు కూడా మూడుకు మించకూడదు. నేను E: డ్రైవులోని ఫొటోలు, కాగితాల స్కాన్‌లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు కాపీ చేసుకుని, ఆ భాగాన్ని పూర్తిగా తొలగించాక వ్యాలిడేట్ సాఫీగా పూర్తయింది. మార్పిడి అయ్యాక ఖాళీ జాగాలో కొత్త డ్రైవు చేసుకోవచ్చు.

అసలు మార్పిడి చేసే కన్వర్ట్ నడిపే ముందు మిగతా డ్రైవుల బ్యాకప్ కూడా తీసుకోండి, బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఫీచర్) ఉంటే సస్పెండ్ చేయండి. యూపీఎస్ లేకపోతే కరెంటు కోత వేళల్లో ఈ పని పెట్టుకోవద్దు.

తర్వాత బయోస్‌లో సీఎస్ఎం ఆపి, బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట ఉంచండి. గ్రాఫిక్స్ కార్డు బాగా పాతదైతే, యూఈఎఫ్ఐకి సరిపడని కారణంగా తెర నల్లగా ఉండిపోవచ్చు. అప్పుడు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు పోర్టుకు మార్చి చూడండి. విండోస్ సజావుగా తెరుచుకున్నాకే సెక్యూర్ బూట్ (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెట్టింగు) ఆన్ చేయండి.