పాప బరువు బాగుంది.. ముందు తల్లిని డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: మా ఆవిడకు సిజేరియన్ అయి ఏడు వారాలైంది. కరీంనగర్‌లో పుట్టింట్లో ఉంది. పాలు సరిగా పడటం లేదని ఒకటే బాధ. పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు, ఆరు వారాల టీకాకు వెళ్తే 4.1 ఉంది. ఇప్పటిదాకా తల్లిపాలే. మెడికల్ షాపులో ఇచ్చిన మెటోక్లోప్రమైడ్ మాత్రలు పది రోజులుగా వేస్తున్నాం, తేడా లేదు. పాప పడుకున్నా తను పడుకోదు, ఊరికే ఏడుస్తుంది, ‘నాలాంటిదానికి ఈ పిల్ల ఎందుకు పుట్టిందో’ అంటుంది. ఏ పాలపొడి మొదలుపెట్టమంటారు? – ఒక పాఠకుడు, హైదరాబాద్

డాక్టర్ సలహా: పాలపొడి సంగతి తర్వాత. మీరు రాసినదాంట్లో నాకు కంగారు పుట్టించింది ఆమె అన్న ఆ మాట.

తల్లిపాల మీదే ఉన్న పాప ఆరు వారాల్లో కిలో 300 గ్రాములు పెరిగిందంటే రోజుకు సుమారు 30 గ్రాములు. ఈ వయసుకు అది మంచి పెరుగుదల. రోజుకు ఆరుసార్లకు తక్కువ కాకుండా మూత్రం పోస్తుంటే పాలు సరిపోతున్నట్టే. అయినా లేవనే ఆమెకు అనిపిస్తోంది. నా అనుమానం అక్కడే. కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి ఊరికే ఏడుపు రావడం చాలామంది బాలింతలకు ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఏడో వారంలోనూ ఉందంటే డిప్రెషన్ అని అనుమానించాల్సిందే. మనిషిని చూడకుండా ఇదే అని నేను తేల్చలేను. థైరాయిడ్ తేడా, రక్తహీనత కూడా ఇలాగే కనిపించొచ్చు కాబట్టి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష), హిమోగ్లోబిన్ చూపించండి. బాలింతలో డిప్రెషన్ ఉందేమో చూడటానికి ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం ఉంటుంది. ఐదు నిమిషాల పని, గైనకాలజిస్ట్ దగ్గరే అయిపోతుంది.

ఇక ఆ మాత్ర. దీని మీద నాలుగు మాటలు ఎక్కువే అంటాను, ఏమీ అనుకోకండి. మెటోక్లోప్రమైడ్ వాంతుల మందు. పాలు ఊరించే హార్మోన్‌ను పెంచుతుంది కాబట్టి అడగ్గానే ఇచ్చేస్తుంటారు. దీని దుష్ప్రభావాల్లో డిప్రెషన్ ఒకటి! ఉన్న దిగులుకు ఇది తోడైందో లేదో పరీక్షించిన డాక్టరే చెప్పాలి. కానీ ఇలా ఏడుస్తున్న బాలింతకు ఈ మందు రాయడానికి మేమే వెనకాడతాం. షాపు అబ్బాయి ఆమె ముఖమైనా చూశాడా? ‘పాలు పడటం లేదు’ అన్నారు, అరలోంచి తీసి ఇచ్చాడు. ఇవాళే ఆమె డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పి ఆపేయండి. దీని బదులు డోంపెరిడాన్ కొనొద్దు, అది కొందరిలో గుండె లయను దెబ్బతీస్తుంది. నిద్రమాత్రలూ వద్దు. డిప్రెషన్‌కు మందు అవసరమైతే సెర్ట్రలిన్ లాంటివి ఉన్నాయి. పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తాయి, సాధారణంగా పాలు మాన్పించక్కర్లేదు. అవైనా డాక్టర్ రాస్తేనే.

పాలపొడి కంపెనీ పేరు నేను చెప్పను, పాలపొడి, పాలసీసాల మీద వచ్చిన 1992 చట్టం ప్రకారం వాటికి ప్రచారం చేయకూడదు. పాప బరువును బట్టి ఇప్పుడు అవసరమూ కనిపించడం లేదు. అయితే ఆమెకు కంటినిండా నిద్ర ముఖ్యం. రాత్రి ఒక్కసారి పిండి ఉంచిన పాలో, పిల్లల డాక్టర్ సరేనంటే పోతపాలో అమ్మమ్మ పట్టించొచ్చు. పొడి కలిపితే డబ్బా మీద రాసిన కొలతే, పొదుపని నీళ్లెక్కువ పోయొద్దు. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పత్యం ఇంట్లో నడుస్తుంటే మానేయండి.

మీరు హైదరాబాద్‌లో కూర్చుని పాలపొడి వెతికే బదులు ఇవాళే బయల్దేరండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆమెను సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునన్నా, పాపకేమైనా చేస్తానేమోనని భయపడినా, తనలో తాను మాట్లాడుకుంటున్నా, ఇంట్లోవాళ్లను అనుమానిస్తున్నా ఒంటరిగా వదలకండి, అప్పటికప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఇవేవీ లేకపోయినా రెండు మూడు రోజుల్లో గైనకాలజిస్ట్‌కో, సైకియాట్రిస్ట్‌కో చూపించాల్సిందే. అత్తారింటికి వచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. వెళ్లేటప్పుడు ఆ మాత్రల స్ట్రిప్, పాప బరువులు రాసిన టీకా కార్డు రెండూ పట్టుకెళ్లండి.