నోరు తెరిస్తే ఏడుపొస్తోంది

ప్రశ్న: నాకు 61 ఏళ్లు. నిరుడు నాన్న పోయారు. తాతల నాటి పొలం నాలుగెకరాలుంది, పంపకాలు కాలేదు. సంవత్సరీకం నాడు అన్నయ్య హక్కు విడుదల దస్తావేజు తెచ్చి అందరి ముందూ సంతకం పెట్టమన్నాడు. "ఆడపిల్లలకు ఆస్తిలో వాటా ఇచ్చిన ఎన్టీఆర్ చట్టం వచ్చేనాటికే నీకు పెళ్లయింది, నీకు రాదు. అయినా కట్నం ఇచ్చాంగా" అన్నాడు. నాకు భాగం కావాలి. కానీ నోరు తెరిస్తే ఏడుపొస్తోంది. పుట్టిల్లు పోతుందేమోనని టెన్షన్.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: చెల్లెమ్మా, 2009లో నేనూ ఇలాగే మా అన్న ముందు కూర్చున్నాను. ఆయన కట్నం ఎత్తాడు, నేను అమ్మ ఆస్పత్రి ఖర్చు ఎత్తాను. అక్కడి నుంచి తోడికోడళ్ల నగల దాకా పోయాం. రెండు గంటల్లో పొలం ఊసే రాలేదు. ఏడ్చి ఏడ్చి, మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లి సంతకం పెట్టేశాను. ఆ తర్వాత పండగ పిలుపులు రెండేళ్లే వచ్చాయి. బస్సు ఆ పొలం పక్కగా వెళ్తే ఇప్పటికీ తల తిప్పుకుంటాను.

మీ అన్నయ్య చెప్పింది పాత సంగతి. 1985 సెప్టెంబరు 5కి ముందు పెళ్లయినవాళ్లకు ఆ రాష్ట్ర చట్టం వర్తించలేదు, నిజమే. కానీ 2005 సెప్టెంబరు 9 నుంచి హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన సవరణ అమల్లో ఉంది. దాని ప్రకారం పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు. పెళ్లి ఎప్పుడయిందన్న దానితో పని లేదు. 2004 డిసెంబరు 20కి ముందే పంపకాలు రిజిస్టరై ఉంటే మాత్రం లెక్క వేరు. అందుకే ముందు ఈసీ, అంటే పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం, తీయించండి.

తర్వాత అన్నయ్య ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లండి. "అన్నయ్యా, నాన్న పొలంలో నా భాగం నాకు కావాలి. ఈ కాగితం మీద సంతకం పెట్టను." ఇంతే. ఇంట్లో నాలుగుసార్లు పైకి అనుకుని వెళ్లండి. కట్నం మాటొస్తే, "అది ఇంకోరోజు మాట్లాడుకుందాం" అని మళ్లీ ఇదే చెప్పండి. ఏడుపొస్తే రానివ్వండి, కళ్లు తుడుచుకుని వాక్యం పూర్తి చేయండి. ఆయన కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. దానికి మీరు సిద్ధపడాలి.

ఒప్పుకోకపోతే గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మాట్లాడాక ఏమన్నాడో నాకు రాయండి.