హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఉంటూ షోరీల్ ఎలా చేసుకోవాలి?

రెండు షార్ట్ ఫిల్ములు చేశాను, సినిమా ఆఫీసులకు పంపడానికి షోరీల్ (నా నటన చూపించే చిన్న వీడియో) కావాలి, డ్రోన్ షాట్లూ ఫైటూ ఉన్న ప్యాకేజీ తీసుకోమంటున్నారు, తీసుకోవాలా అని అడిగారు.

వద్దండీ, ఆ డబ్బుతో రెండు నెలల రూము అద్దె కట్టుకోండి. మీ రీల్ చూసేది ఒక కో-డైరెక్టరో, అసిస్టెంట్ డైరెక్టరో. అదీ ఫోన్‌లో, వాట్సాప్‌లో వరసగా వచ్చి పడిన ప్రొఫైళ్ల మధ్య. వాళ్లకు తెలియాల్సింది క్లోజప్‌లో మీ మొహం ఎలా ఉంటుంది, గొంతు ఎలా ఉంటుంది, ఎదుటివాళ్ల మాట విని స్పందించగలరా లేదా అన్నదే. స్లో మోషన్‌లో నడిచొచ్చి కళ్లద్దాలు తీసే షాట్‌లో ఇవేవీ కనపడవు.

నిడివి 90 సెకన్లు చాలు. 2 నిమిషాలు దాటనివ్వకండి. మొదటి షాట్‌లోనే మీరు మాట్లాడుతూ క్లోజప్‌లో ఉండాలి. పేరు ఒక మూల 3 సెకన్లు వేస్తే సరిపోతుంది. బాగా చేసిన సీను చివర్లో వస్తుందిలే అని దాచుకుంటే అక్కడిదాకా ఎవరూ చూడరు.

షార్ట్ ఫిల్మ్ క్లిప్పులు వాడేముందు ఒకటి చూసుకోండి. మీకు వేరేవాళ్లు డబ్బింగ్ చెప్పి ఉంటే ఆ క్లిప్ పనికిరాదు, గొంతు మీది కాదు కాబట్టి. ఇద్దరున్న ఫ్రేములో ఎవరు మీరో తెలియకపోయినా తీసేయండి. క్లిప్పును ఎడిటర్ దగ్గర అసలు ఫైలుగానే అడిగి తీసుకోండి. యూట్యూబ్ నుంచి దింపినది మళ్లీ వాట్సాప్‌లో వెళ్తే మొహం మసకబారిపోతుంది.

కొత్తగా రెండు సీన్లు తీయండి, ఒక్కొక్కటి 35, 40 సెకన్లు. పేరున్న హీరో డైలాగు మాత్రం వద్దు. చూసేవాళ్ల మనసులో ఆ హీరోయే మెదులుతాడు, మీరు కనపడరు. చిన్నది సొంతంగా రాసుకోండి. ఉదాహరణకు పండక్కి ఇంటికి రాలేనని అమ్మకు ఫోన్‌లో చెప్పడం:

"అమ్మా, ఈసారి కుదిరేలా లేదే."
"ఆఁ, తిన్నాను."
"నాన్నకి ఇవ్వకులే."

ఉన్నవి మూడే మాటలు. నటనంతా వాటి మధ్య మీరు వింటున్న క్షణాల్లోనే. అమ్మ మాటలను ఎవరితోనైనా నిజంగా చెప్పించండి, లేకపోతే మీ కళ్లు తర్వాతి డైలాగు కోసం వెతుకుతున్నట్టు దొరికిపోతాయి. చెప్పేవాళ్లు కెమెరా లెన్సు పక్కనే, దాదాపు ఆనుకుని కూర్చోవాలి. రెండడుగులు జరిగితే మీ చూపు, మొహం పక్కకు తిరిగిపోతాయి. ఫోను కెమెరాకు అవతలి చెవికి పెట్టుకోండి, ఇవతలి చెవికి పెడితే చెయ్యే సగం మొహాన్ని కప్పేస్తుంది. రెండో సీను దీనికి పూర్తిగా వేరుగా, కోపమో కామెడీయో ఉండాలి. ఒకటి మీ ఊరి యాసలో చేయండి. పాలమూరు మనిషి అరువు తెచ్చుకున్న గోదావరి యాస మాట్లాడితే మొదటి వాక్యానికే తెలిసిపోతుంది.

లైటుకు కిటికీ చాలు. మీరు కిటికీకి ఎదురుగా, కెమెరా కిటికీ దగ్గర, మీ వైపు తిప్పి. గోడకు నాలుగడుగులు ముందుకు జరిగితే వెనక నీడ పడదు. ఫోను అడ్డంగా, స్టాండు మీద, మీ కళ్ల ఎత్తులో, వెనక కెమెరాతో. బ్యూటీ ఫిల్టరు తీసేయండి. ఫ్రేము ఛాతీ నుంచి తల దాకా. రూములో ఎల్‌ఈడీ లైటు వేస్తే కొన్నిసార్లు వీడియోలో చారలు పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఫోను కెమెరా ప్రో మోడ్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెడితే సాధారణంగా పోతాయి. ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయడం మరవకండి, లేకపోతే తల కదిలినప్పుడల్లా వెలుగు మారుతుంది. బట్టలు ఒకే రంగువి వేసుకోండి. సన్న గీతల చొక్కా కెమెరాలో మెరుస్తుంది.

ఎక్కువ రీళ్లు పాడయ్యేది సౌండు దగ్గరే. ఫ్యాను, ఏసీ ఆపండి, ఫ్రిజ్ ప్లగ్గు తీయండి. ఖాళీ రూములో గొంతు డబ్బాలో మాట్లాడినట్టు మోగుతుంది. కెమెరా వెనక, పక్కల తాడు కట్టి బొంతలు, దుప్పట్లు వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి, గొలుసుకో చున్నీకో రాసుకోకూడదు. పది సెకన్లు తీసి ఇయర్‌ఫోన్స్‌తో విన్నాకే అసలు టేకు. మాటల కింద మ్యూజిక్ వేయకండి.

ఇంట్రో వేరే ఫైలుగా తీయండి. లెన్సులోకి చూసి పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు చెప్పి మొహం ఎడమ, కుడి పక్కల నుంచి చూపించండి. 20 సెకన్లు. ఎత్తు పెంచి చెప్పొద్దు, ఆడిషన్‌లో నిలబడగానే బయటపడుతుంది. గడ్డం తీసినా, బరువు మారినా ఇంట్రో మళ్లీ తీయాల్సిందే.

వాట్సాప్‌లో మామూలు వీడియోలా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. లింకు ఇవ్వాలనుకుంటే యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవాళ్లే చూసేలా) పెట్టండి. ప్రైవేట్ పెడితే తెరుచుకోదు. డ్రైవ్ లింకైతే ఎవరైనా చూసేలా పర్మిషన్ మార్చి, ఫ్రెండ్ ఫోనులో తెరిచి చూశాకే పంపండి. ఫైలు పేరు 'ఫైనల్ 3' అని కాకుండా మీ పేరు, వయసు, ఎత్తు, ఫోన్ నంబరుతో ఉండాలి. నెల తర్వాత వెతికినా అప్పుడే దొరుకుతారు. రీల్ చూడటానికి రిజిస్ట్రేషన్ ఫీజు అడిగినవాళ్లకు మాత్రం పంపనే పంపకండి.