ముందు ఒడ్డెక్కే రేవు చూసుకో

చి.ల.సౌ. స్వాతికి మావయ్య ఆశీస్సులు.

జులైలో మీరంతా కొమాల్ నదిలో ట్యూబింగ్‌కి, అదే గాలి నింపిన ట్యూబుల మీద కూర్చుని నదిలో తేలుతూ పోవడానికి, వద్దామనుకుంటున్నారని అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఈ టెక్సస్‌కి వచ్చినప్పటినుంచీ ఏటా వేసవిలో ఆ నీళ్ళమీద తేలుతూనే ఉన్నాను. తెలిసిందంతా ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు, అందుకని రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది ట్యూబులు అద్దెకెక్కడ దొరుకుతాయి, నీళ్ళలోకి ఎక్కడ దిగాలి అని. నువ్వు ముందు ఎక్కడ ఒడ్డెక్కుతారో తేల్చుకో, మిగతావన్నీ దాన్నిబట్టి కుదురుతాయి. కొమాల్ మొత్తం పొడవే రెండున్నర మైళ్ళు. న్యూ బ్రౌన్‌ఫెల్స్ ఊళ్ళోనే పుట్టి, ఊరు దాటకుండానే గ్వాడలూప్ నదిలో కలిసిపోతుంది. ఆ కలిసేచోటికి కాస్త ముందు ‘లాస్ట్ పబ్లిక్ ఎగ్జిట్’ అని రేవు ఉంది. జనానికి అదే ఆఖరు. ఒకసారి మా గుంపులో ఇద్దరు కుర్రాళ్ళు కబుర్లలో పడి ఆ బోర్డు చూసుకోలేదు. వాళ్ళ ఫోన్లు కార్లో ఉన్నాయి. వాళ్ళు దొరికేదాకా ఆ సాయంత్రం మేం పడ్డ ఆదుర్దా ఇప్పటికీ గుర్తుంది. అప్పటినుంచీ బయల్దేరే ముందు పిల్లలతో సహా అందరిచేతా రేవు పేరు ఒకసారి చెప్పిస్తాను, అక్కడ కలుసుకునే టైము కూడా చెప్పిస్తాను. మీరూ అలా చెయ్యండి. రేవు కనబడ్డాక తాపీగా గట్టువైపు జరుగుదామంటే కుదరదు. కాస్త ముందునుంచే చేతులతో తోసుకుంటూ ఆ పక్కకి చేరుకోవాలి.

ట్యూబులిచ్చేవాళ్ళ దగ్గర బస్సు ఉంటే సరే. లేదంటే ఒక కారు రేవు దగ్గర, ఒకటి పైన నీళ్ళలోకి దిగేచోట. రేవు దగ్గర ఉంచే కార్లో పొడి తువ్వాళ్ళు, బట్టలు, మంచినీళ్ళు పెట్టు. తాళం మాత్రం పైన వదిలిన కార్లో మరిచిపోవద్దు, ఆ పొరపాటు ప్రతి ఏడూ ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. ఈ కాలం తాళాలు తడిస్తే పనిచెయ్యవు కాబట్టి నీళ్ళు పోని సంచిలో వేసి మెడకి తగిలించుకో. ఉంగరాలు ఇంట్లోనే తీసి పెట్టండి. చల్లటి నీళ్ళకి వేళ్ళు సన్నబడి ఉంగరం జారిపోయినా తెలియదు. మీ అత్తయ్యది అలాగే పోయింది.

ఇక నీళ్ళ సంగతి. ఊళ్ళోనే ఉన్న లాండా పార్కులో కొండ పాదం దగ్గర సున్నపురాతి బీటల్లోంచి ఊటలు పైకొస్తాయి, టెక్సస్‌లో అంత పెద్ద ఊటలు ఇంకెక్కడా లేవు. అది ఎడ్వర్డ్స్ ఆక్విఫర్ అనే భూగర్భ జలాశయం నీరు. ఎక్కడో పడమట కురిసిన వాన భూమిలోకి ఇంకి, రాతిపొరల్లోంచి నడిచి ఇక్కడ బయటికొస్తుంది. అందుకే ఎండాకాలమైనా చలికాలమైనా దాదాపు 22 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. బయట 38 డిగ్రీల ఎండలో ఆ నీళ్ళు తగిలితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. కానీ నీళ్ళు ఒంట్లో వేడిని గాలికంటే ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి. పెద్దవాళ్ళకి హాయిగా ఉన్న గంటలోనే చిన్నవాళ్ళ పెదాలు నీలంగా మారతాయి. చిన్నవాడు మాట్లాడటం మానేసి ముడుచుకు కూర్చున్నాడంటే, ఆట బాగుందనుకోకు, చలి పట్టిందని అర్థం. దగ్గర్లో వీలైన చోట ఒడ్డెక్కించి, పొడిగా తుడిచి, కాసేపు ఎండలో కూర్చోబెట్టు. ఇద్దరికీ పొడుగుచేతుల ఈత చొక్కాలు కొను. చలికీ పనికొస్తాయి, వీపు కమిలిపోకుండా ఎండకీ పనికొస్తాయి. కాళ్ళకి చెప్పులు వద్దు, పట్టీలతో బిగించుకునే నీటిబూట్లు కావాలి. అడుగున రాళ్ళు నాచుపట్టి జారతాయి.

నది వేగం ఏటికేడు మారుతుంది. పొద్దున్నే యూఎస్‌జీఎస్ (నదుల ప్రవాహం కొలిచే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ళ కొలత చూడు, సెకనుకి ఎన్ని ఘనపుటడుగులో అందులో ఉంటుంది. దశాబ్దాల సగటు 280 పైచిలుకు. ఆ దరిదాపుల్లో ఉంటే రెండు గంటలకి అటూ ఇటూగా ఒడ్డెక్కుతారు. వంద లోపు పడిందంటే ట్యూబు చాలాచోట్ల కదలదు, చేతులతో తెడ్డేసుకోవాలి, నడుము రాళ్ళకి తగులుతుంది. చిన్నపిల్లలతో అలాంటప్పుడు రాకండి. 1950ల కరువులో, 1956లో, ఆ ఊటలు నెలల తరబడి పూర్తిగా ఆగిపోయాయి. అది తెలిశాక ఆ నీళ్ళలో కాలు పెట్టినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. అడుగున పెరిగే మొక్కల్ని తొక్కనివ్వకు. ఫౌంటెన్ డార్టర్ అని వేలెడంత కూడా లేని చేప వాటిలోనే బతుకుతుంది, అంతరించిపోయే జీవుల జాబితాలో ఉంది.

ఊటనీళ్ళు కదా, వరద రాదులే అనుకోవద్దు. డ్రై కొమాల్ క్రీక్ అని ఒక వాగు దీంట్లో కలుస్తుంది. మామూలు రోజుల్లో పేరుకి తగ్గట్టే ఉంటుంది, పైన గట్టి వాన పడిందంటే బురదనీళ్ళు మోసుకొచ్చి పోస్తుంది. 2025 జులై 4న తెల్లవారకముందే గ్వాడలూప్ ఎగువన వచ్చిన వరదలో వందమందికి పైగా పోయారు. నీళ్ళు మట్టిరంగులో కనిపించినా, ఎగువన ఉరుములు వినిపించినా, డబ్బు కట్టేశాం కదా అని చూడకు, వెనక్కి వచ్చెయ్. ఊరి పక్కనే గ్వాడలూప్‌లోనూ ట్యూబింగ్ ఉంది, మీ ఆయన స్నేహితులు అటు లాగొచ్చు. అక్కడి నీళ్ళు కాన్యన్ డ్యామ్‌లోంచి వదిలేవి, ఎంత వదిలితే అంత వేగం. మొదటిసారికి, పిల్లలతో, కొమాలే మంచిది.

పిల్లలిద్దరికీ లైఫ్ జాకెట్లు ఒంటికి సరిపోయేవి తీసుకో. నీకూ ఈత రాదు కదా, నువ్వూ వేసుకో తల్లీ. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ట్యూబులన్నీ తాడుతో కట్టేస్తే కలిసి పోతామని అందరికీ అనిపిస్తుంది. తాడు చెట్టుకొమ్మకో కాలికో చుట్టుకుంటే ట్యూబు తలకిందులవుతుంది. తాడు మానేసి, ఒకరి ట్యూబు పిడి ఒకరు పట్టుకోండి.

దారిలో ఒక ఆనకట్ట పక్కన ట్యూబ్ ఛూట్, అంటే ట్యూబుతో సహా కిందికి జారిపోయే నీటి కాలువ, వస్తుంది. పిల్లలకి అదే పెద్ద పండగ. అక్కడ మాత్రం పట్టుకున్న చేతులు వదిలేసి ఒక్కొక్కరుగా వెళ్ళాలి. కాళ్ళు ముందుకి చాపి, నడుము కాస్త పైకెత్తి, పిడులు గట్టిగా పట్టుకోవాలి. కింద బోల్తాపడినా వేగంగా పారే నీళ్ళలో లేచి నిలబడే ప్రయత్నం చెయ్యొద్దు, పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలుతూ, పాదాలు పైకి పెట్టుకుని నెమ్మదించిన చోటికి రావాలి. ఇది పిల్లలకి ఇంట్లో మంచం మీదే రెండుసార్లు చేసి చూపించు. భయమేసినవాళ్ళు గట్టెక్కి పక్కనుంచి నడిచి కిందికి రావచ్చు.

వాడి పారేసే డబ్బాలు, సీసాలు ఊరి పరిధిలో నదిమీదికి తేకూడదు. 2011లో ఊరివాళ్ళే ఓటేసి నిలబెట్టుకున్న నిబంధన అది. కోర్టుల్లో కొన్నేళ్ళు నలిగి, 2017లో మళ్ళీ అమల్లోకి వచ్చింది. గాజు అసలే కుదరదు, కూలర్ సైజుకీ పరిమితి ఉంది. స్టీలు సీసాల్లో నీళ్ళు తెచ్చుకోండి. బీరు సంగతి అల్లుడుగారికి నేనే చెబుతాను. తాగితే చలి తెలియదు కానీ ఒళ్ళు ఇంకా తొందరగా చల్లబడుతుంది, పైగా ఆ రేవు పట్టుకోవడానికి తెలివి కావాలి.

మీ అత్తగారు, మావగారు నీళ్ళలోకి దిగక్కర్లేదు. ఆయనకి గుండె మందులు నడుస్తున్నాయన్నావు, అంత చల్లటి నీళ్ళలో ఒక్కసారి మునిగితే మంచిది కాదు. వాళ్ళని లాండా పార్కులో ఉంచుదాం. ఊటలు అక్కడే కళ్ళముందు కనిపిస్తాయి, వాటి దగ్గర ఈతకి అనుమతి లేదు కాబట్టి నీళ్ళు అద్దంలా ఉంటాయి. మూడొందల ఏళ్ళు పైబడిన ఓక్ చెట్టు కూడా ఉంది. నాకైతే ట్యూబు మీద గడిపిన దానికంటే ఆ ఊటల దగ్గర కూర్చున్న పొద్దుటిపూటలే ఎక్కువ గుర్తున్నాయి.

శని, ఆదివారాలు వద్దు. జులైలో ఆ రెండ్రోజులూ నీళ్ళు కనపడవు, ట్యూబులే కనపడతాయి. మంగళవారమో బుధవారమో పెట్టుకుని, తొమ్మిదిన్నరకల్లా నీళ్ళలో ఉండండి. ముందురోజు రాత్రికే మా ఇంటికి వచ్చెయ్యండి. రేవు దగ్గర పెట్టాల్సిన రెండో కారు నాదే తెస్తాను, తువ్వాళ్ళు పట్టుకుని గట్టుమీద నిలబడి ఉంటాను.

మీ మావయ్య