నెత్తుటికి రంగు మారిస్తే ఆట మారుతుందా?

(వీడియో గేమ్‌ల మీద చెలరేగిన వివాదాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం.)

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనవడు సెల్‌ఫోన్‌లో తుపాకులతో కాల్చుకునే ఆట ఆడుతుంటే ఇంట్లో రోజూ గొడవే. మా చిన్నతనంలో సినిమాలు, డిటెక్టివ్ నవలలు పిల్లలను పాడుచేస్తాయనేవారు. ఇప్పుడు ఆ వంతు వీడియో గేమ్‌లది. అసలీ గోల ఎక్కడ, ఎప్పుడు మొదలైంది? అందులో పస ఎంత? – ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వీడియో గేమ్‌లు పుట్టకముందే ఈ గోల పుట్టింది, మాస్టారూ. నాణెం వేసి, వాలుబల్ల మీద ఉక్కు బంతిని దొర్లించి ఆడే పిన్‌బాల్ యంత్రాలను న్యూయార్క్ నగరం 1942లో నిషేధించింది. అవి బడిపిల్లల జేబుల్లోని చిల్లరను ఊడ్చుకుపోయే జూదమని మేయర్ లాగార్డియా వాదించాడు. కొద్ది వారాల్లోనే పోలీసులు రెండు వేలకు పైగా యంత్రాలను పట్టుకొచ్చారు. మేయర్ స్వయంగా సమ్మెట పట్టి వాటిని పగలగొడుతూ పత్రికలకు ఫొటోలు దిగాడు. ఆయన వాదన పూర్తిగా కొట్టిపారేయవలసినది కాదు. బంతిని తిప్పికొట్టే రెక్కలు ఆ యంత్రాలకు 1947లో గాని రాలేదు కనుక, అప్పటి ఆటలో నేర్పుకన్నా అదృష్టానిదే పెద్దపాలు. అయితే రెక్కలు వచ్చి ఆట స్వభావమే మారిపోయాక కూడా నిషేధం మూడు దశాబ్దాలు కొనసాగింది. చివరికి 1976లో రోజర్ షార్ప్ అనే యువ పాత్రికేయుడు నగర మండలి సభ్యుల ఎదుట యంత్రం పెట్టి ఆడాడు. బంతి ఫలానా సందులోంచి పోతుందని ముందే చెప్పి మరీ కొట్టి చూపించాక నిషేధం తొలగింది.

పిన్‌బాల్‌కు విముక్తి దొరికిన ఆ ఏడాదే వీడియో గేమ్ మీద మొదటి పెద్ద అభియోగం పడింది. కాలిఫోర్నియాకు చెందిన ఎక్సిడీ కంపెనీ ‘డెత్ రేస్’ అనే ఆటను విడుదల చేసింది. నలుపు తెలుపు తెర, ఒక స్టీరింగు, కాలి కింద పెడలు, ఇంతే దాని సరంజామా. తెర మీద పుల్లలతో చేసినట్టుండే బొమ్మలు అటూ ఇటూ పరుగెత్తుతుంటాయి. కారుతో గుద్దితే బొమ్మ కీచుమని అరుస్తుంది, ఆ చోట శిలువ గుర్తుతో సమాధి వెలుస్తుంది. ఆ సమాధులే తరవాత కారుకు అడ్డం పడతాయి కనుక, ఎక్కువమందిని గుద్దినవాడికి దారి అంత ఇరుకవుతుంది. అవి మనుషులు కావు, ‘గ్రెమ్లిన్’ అనే పిశాచాలు అని కంపెనీ చెప్పుకుంది. కాని ఆట తయారవుతున్నప్పుడు దానికి పెట్టుకున్న పేరు ‘పాదచారి’ అని బయటపడడంతో ఆ మాటను ఎవరూ నమ్మలేదు. ప్రమాదాల నివారణకు పనిచేసే అమెరికా నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ మండిపడింది, టీవీల్లో చర్చలు నడిచాయి, ఆ రచ్చతో యంత్రాలకు గిరాకీ పెరిగింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అంతకు ఏడాది ముందే వచ్చిన ‘గన్ ఫైట్’ ఆటలో ఇద్దరు కౌబాయ్‌లు ఒకరినొకరు కాల్చుకుంటారు, అందులో ఉన్నది అచ్చంగా మనుషులే. దాని మీద అంతటి అలజడి రేగలేదు. కౌబాయ్‌ల తుపాకి పోరాటం అమెరికన్లకు సినిమాల ద్వారా చిరపరిచితం. రోడ్డు మీద నడిచే మనిషిని కారుతో గుద్దడం మాత్రం ఎవరి వీధిలోనైనా జరగగల నేరం. జనాన్ని కలవరపరిచేది హింస పాలు ఎంతన్నది కాదని, అది తమ ఇంటికి ఎంత దగ్గరగా కనిపిస్తుందన్నదని నాకు అనిపిస్తుంది.

అసలు పెద్ద తగాదా 1993 డిసెంబరు 9న అమెరికా సెనేట్‌లో జరిగింది. జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ అనే సెనేటర్లు నడిపిన ఆ విచారణలో ‘మోర్టల్ కాంబాట్’, ‘నైట్ ట్రాప్’ అనే రెండు ఆటలను ముఖ్యంగా బోనెక్కించారు. మొదటిది ముష్టియుద్ధం, ఓడినవాడి తల తెంపడం, గుండె పెరికి చూపించడం అందులో ఆకర్షణలు. ఆ ఆటను ఇళ్లకు అమ్మేటప్పుడు నింటెండో కంపెనీ తన యంత్రంలో నెత్తుటిని చెమటలాగా బూడిదరంగుకు మార్చించింది. పోటీదారైన సేగా యంత్రంలో మాత్రం ఏ, బీ, ఏ, సీ, ఏ, బీ, బీ అని మీటలు వరసగా నొక్కితే ఎర్రటి నెత్తురు వచ్చేది. ఆ వరస అమెరికాలో కుర్రవాళ్లకు ఎక్కాలకన్నా బాగా కంఠస్థమైంది, అమ్మకాల్లో సేగాదే పైచేయి అయింది. విచారణలో ఈ రెండు కంపెనీల ప్రతినిధులు సెనేటర్లకు జవాబు చెప్పుకోవడం మాని ఒకరిమీద ఒకరు విరుచుకుపడ్డారు. మరుసటి ఏడాది రెండో భాగం వచ్చేసరికి నింటెండో కూడా నెత్తుటిని ఎర్రగానే ఉంచింది.

రెండో ఆట ‘నైట్ ట్రాప్’ కథ ఇంకా విడ్డూరం. అది 1987లో నటీనటులతో చిత్రీకరించి, 1992లో సీడీగా విడుదల చేసిన ఆట. ఒక ఇంటికి విడిదికి వచ్చిన అమ్మాయిల మీద రక్తపిపాసులు దాడి చేస్తుంటారు. ఇంట్లో ఎనిమిది చోట్ల అమర్చిన కెమెరాలలో చూస్తూ, సరైన క్షణంలో మీట నొక్కి ఆ దుండగులను బోనులో పడవేయడం ఆటగాడి పని. అంటే అతడు రక్షకుడు. కాని రాత్రి దుస్తుల్లో ఉన్న అమ్మాయి మీద దాడి జరిగే ముక్కను విడిగా చూసినవారికి, ఆడవాళ్లను పట్టి చంపడమే ఆట ధ్యేయమన్న అభిప్రాయం కలిగింది. ఆ ముక్క చూపించి, ఆటలో ఆటగాడి పాత్ర ఏమిటో తెలుసుకోకుండానే తీర్పు చెప్పేశారు. పెద్ద దుకాణాలు దాన్ని అరల నుంచి తీసేశాయి, 1994 జనవరిలో సేగా అమ్మకం ఆపేసింది. అదే ఆటను 2017లో మళ్లీ విడుదల చేసినప్పుడు, 13 ఏళ్లు దాటినవారు ఆడవచ్చునని వయసు ముద్ర వేశారు. నటన, కథనం ఎంత నాసిగా ఉన్నాయో చూస్తే దాని మీద సెనేట్ అంత సమయం వెచ్చించినందుకు నవ్వొస్తుంది.

అన్ని అభియోగాలూ ఇలాంటివే అనుకోవద్దు. 1982లో ఒక అశ్లీల కంపెనీ అటారీ యంత్రం కోసం తయారుచేసిన ‘కస్టర్స్ రివెంజ్’లో, స్తంభానికి కట్టేసిన స్థానిక అమెరికన్ స్త్రీపై అత్యాచారం చేయడమే ఆట. మహిళా సంఘాలు, స్థానిక తెగల ప్రతినిధులు న్యూయార్క్‌లో దానికి వ్యతిరేకంగా ధర్నాకు దిగారు. అక్కడ అపార్థానికి తావులేదు. ఆటగాడి చేతికి ఏ పని అప్పగించారో చూసి వేసిన నింద అది, కనుక న్యాయమైనది. మీ ప్రశ్నలోని ‘పస’ను తూచడానికి నేను వాడే తక్కెడ అదే. బ్రిటన్‌లో 1997లో పాదచారులను గుద్దే ‘కార్మగెడన్’ అనే కార్ల ఆటకు అనుమతి నిరాకరిస్తే, కంపెనీ పాదచారులను ఆకుపచ్చ నెత్తురున్న నడిచే శవాలుగా మార్చి అమ్ముకుంది. అప్పీలులో గెలిచాక మళ్లీ మనుషులను తెచ్చిపెట్టింది. చేసే పని రెండింటిలోనూ ఒకటే.

ప్రశ్న: పిల్లలు హింసకు అలవాటు పడుతున్నారనే మన ప్రభుత్వం పబ్జీని నిషేధించిందని మా నాన్నగారు అంటారు. నిజమేనా? – ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ

జవాబు: మీ నాన్నగారు రెండు వేర్వేరు సంఘటనలను కలిపేస్తున్నారు. పిల్లల పేరుతో నిషేధం వచ్చింది 2019లో, గుజరాత్‌లో. అక్కడి ప్రాథమిక పాఠశాలలకు జనవరిలో ఉత్తర్వు వెళ్లింది. మార్చిలో రాజ్‌కోట్ తదితర నగరాల పోలీసులు 144వ సెక్షన్ కింద ఆటను నిషేధించి, రాజ్‌కోట్‌లో ఆడుతూ దొరికిన యువకులను అరెస్టు కూడా చేశారు. అదే జనవరిలో ‘పరీక్షా పే చర్చా’ కార్యక్రమంలో ఒక తల్లి తన కొడుకు ఆన్‌లైన్ ఆటల పిచ్చి గురించి చెబితే, ‘పబ్జీ ఆడేవాడా?’ అని ప్రధానమంత్రి అడగడం, సభంతా గొల్లుమనడం మీరు చూసే ఉంటారు.

దేశమంతటా నిషేధం వచ్చింది 2020 సెప్టెంబరు 2న. సరిహద్దులో చైనాతో గల్వాన్ ఘర్షణ జరిగిన కొద్ది నెలలకు, ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద చైనాతో ముడిపడిన 118 యాప్‌లను ఒకేసారి నిలిపివేసిన జాబితాలో పబ్జీ మొబైల్ ఒకటి. చెప్పిన కారణం దేశ సార్వభౌమత్వం, భద్రత, వినియోగదారుల సమాచార రక్షణ. పిల్లల ప్రవర్తన ప్రస్తావనే లేదు. 2021 జులైలో దక్షిణ కొరియా సంస్థ క్రాఫ్టన్ దాన్నే ‘బీజీఎంఐ’ పేరుతో తెచ్చింది. 18 ఏళ్లలోపువారికి రోజుకు మూడు గంటల పరిమితి పెట్టి, దానితోపాటు నెత్తుటిని ఆకుపచ్చగా మార్చింది! పై జవాబులో చెప్పిన బూడిదరంగు, ఆకుపచ్చ వైద్యాలకు ఇది మన దేశపు సంచిక. దాన్ని కూడా 2022 జులైలో ఆపేసి, 2023 మేలో కొన్ని షరతులతో తిరిగి అనుమతించారు.

ప్రశ్న: మా అబ్బాయి బడి వాట్సాప్ గ్రూపులో, పిల్లలను ఆత్మహత్యకు పురిగొల్పుతాయంటూ ‘బ్లూ వేల్’, ‘మోమో’ ఆటల గురించి హెచ్చరికలు ఇప్పటికీ వస్తుంటాయి. అవి నిజంగా ఉన్నాయా? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: డౌన్‌లోడ్ చేసుకుని ఆడే ‘బ్లూ వేల్’ అనే గేమ్ ఏదీ దొరకలేదు. 2016లో రష్యాలో ఒక పత్రిక ప్రచురించిన కథనంతో ఆ పేరు ప్రపంచమంతా పాకింది. 2017 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం దాని లంకెలు తొలగించమని గూగుల్, ఫేస్‌బుక్ మొదలైన సంస్థలను ఆదేశించింది. లంకె దొరికితే కదా తొలగించడానికి. దానికి ముడిపెట్టిన మరణాలను పరిశీలించిన కమిటీ, ఏ ఒక్కదానిలోనూ ఆ ఆట పాత్ర రుజువు కాలేదని తేల్చినట్టు 2018 జనవరిలో ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది. ఆ వివరణ మాత్రం ఏ గ్రూపులోనూ ఫార్వర్డ్ కాలేదు. ఇక ‘మోమో’ పేరుతో తిరిగే గుడ్లురిమే ముఖం జపాన్‌లో ఒక కళాకారుడు 2016లో ప్రదర్శనకు పెట్టిన శిల్పం ఫొటో. గ్రూపులో వచ్చిన సందేశాన్ని పిల్లవాడికి చూపించి భయపెట్టవద్దని నా మనవి. ఏ ఆట పేరు చెప్పినా చెప్పకపోయినా, పిల్లవాడు ముభావంగా, దిగులుగా ఉంటే కారణం అతన్నే నిదానంగా అడగండి, అవసరమైతే వైద్యుల సలహా తీసుకోండి.

ప్రశ్న: ఇక్కడ ఆట డబ్బాల మీద ఈ, టీ, ఎం అని అక్షరాలుంటాయి. మైనర్లకు అమ్మకూడదని చట్టం ఉందా? – తెలుగు పాఠకురాలు, డల్లాస్

జవాబు: చట్టం కాదు. 1993 విచారణ తరవాత ప్రభుత్వం చట్టం తెస్తుందని భయపడి, కంపెనీలే 1994లో ఈఎస్ఆర్‌బీ అనే సంస్థను నెలకొల్పుకున్నాయి. ఈ అంటే అందరికీ, టీ అంటే 13 దాటినవారికి, ఎం అంటే 17 దాటినవారికి. పాటించడం దుకాణాల సొంత కట్టుబాటు. మైనర్లకు హింసాత్మకమైన ఆటలు అమ్మితే జరిమానా వేస్తామని కాలిఫోర్నియా 2005లో చట్టం చేసింది. అది వాక్‌స్వాతంత్య్రానికి విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2011లో 7–2 తేడాతో కొట్టేసింది. గ్రిమ్ సోదరుల బాలల కథల్లో కూడా నెత్తురు తక్కువేమీ కాదని తీర్పు రాసిన స్కాలియా గుర్తుచేశాడు. ఆ చట్టాన్ని ప్రతిపాదించిన లీలాండ్ యీ అనే నాయకుడికి 2016లో అవినీతి కేసులో అయిదేళ్ల జైలుశిక్ష పడింది. ఆయుధాల అక్రమ రవాణా బేరం కూడా ఆ కేసులో ఒక భాగం. మీకు చేరువలోని మెస్కీట్ పట్టణం కూడా, 17 ఏళ్లలోపువారు పెద్దల తోడు లేకుండా నాణెం వేసి ఆడే ఆటలు ఆడరాదన్న తన శాసనంతో 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ప్రశ్న: మీ రాతలు చూస్తుంటే గేమ్‌ల వల్ల ప్రమాదమే లేదన్నట్టుంది. అంతేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదు. ప్రమాదం వేలు చూపించిన చోట లేదంటున్నాను. 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 14, 15 ఏళ్ల బ్రిటిష్ పిల్లలు సుమారు వెయ్యిమందిని పరిశీలించారు. పిల్లల దుడుకుతనం గురించి వారి పెద్దలనే అడిగారు. హింసాత్మక ఆటలు ఆడే సమయానికీ ఆ దుడుకుతనానికీ సంబంధం కనిపించలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుల సంఘం దీనికి కొంత భిన్నంగా, కోపతాపాలు స్వల్పంగా పెరగవచ్చునంటుంది. అయితే హత్యలు, కాల్పుల వంటి నేరాలకు గేమ్‌లను కారణంగా చూపడం శాస్త్రీయం కాదని 2020లో అదే సంఘం స్పష్టం చేసింది. మరోవైపు ఆటను అదుపులో పెట్టుకోలేక, చదువు, ఉద్యోగం, నిద్ర దెబ్బతింటున్నా ఏడాదిపాటు మానలేకపోవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ వర్ణనలో నెత్తుటి ప్రసక్తి ఎక్కడా లేదు. రంగు రంగుల మిఠాయిలను జతపరిచే ఆటకైనా అది వర్తిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం మన రెండు రాష్ట్రాల్లో పేకముక్కల దగ్గర జరిగింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసు దాడికి సంబంధించిన కేసులో, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదని, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవలసిన నేర్పు అందులో ఉందని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. బల్ల చుట్టూ కూర్చుని ఆడేవారి గురించి చెప్పిన ఆ మాటను పట్టుకునే ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలు అర్ధరాత్రి కూడా మూతపడని వ్యాపారం నడిపాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. పబ్జీ మీద జరిగినన్ని టీవీ చర్చలు రమ్మీ ప్రకటనల మీద జరగలేదు, ఎందుకో చానెళ్లవారినే అడగాలి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ, నేర్పు, అదృష్టం అనే తేడా చూడకుండా నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా ఉన్నాయి, ప్రకటనలిచ్చేవారికీ శిక్ష ఉంది, ఆడేవారికి లేదు. తిరిగి డబ్బు గెలిచే ఆశ చూపకుండా, ఆటలోని తుపాకి రంగుల కోసమో పాత్రల దుస్తుల కోసమో వసూలు చేసే సొమ్ము ఈ నిషేధం కిందికి రాదు. దాన్ని ఇంట్లో పెద్దలు యూపీఐ లెక్కల్లో చూసుకోవలసిందే.